ఒక్క పెన్‌డ్రైవ్ ఉన్నవాళ్ళు

లాప్‌టాప్ తెరవగానే ఆ పసుపురంగు డబ్బా మళ్ళీ ప్రత్యక్షమైంది. "ఈ కంప్యూటర్‌కు ఇకమీదట భద్రతా అప్‌డేట్లు అందవు." కింద రెండు బటన్లు. ఒకటి "తర్వాత గుర్తు చేయి", రెండోది "మరింత తెలుసుకో". ఆమె రోజూ మొదటిదే నొక్కుతుంది. రెండోది నొక్కితే ఏం తెలుసుకోవలసి వస్తుందోనని భయం.

భద్రత లేదన్నారంటే దొంగలు పడతారనేగా అర్థం. లోపలున్న ఫోటోలు ఎవడో ఎత్తుకుపోతాడు. తలకాయలు మార్చి ఎక్కడెక్కడో పెడతాడు. చివరికి ఏ పోలీసులో వచ్చి తలుపు కొట్టి, ఈ మొహం మీ అమ్మాయిదేనా అని అడుగుతారు. ఆలోచన అక్కడిదాకా వచ్చేసరికి ఆమె నోట్లో ఉన్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. సూదులు నోట్లో పెట్టుకుని ఇలాంటివి ఆలోచించకూడదు. గుటక పడితే అదో గండం.

లాండ్రీ షాపులో కిటికీ పక్కనున్న కుట్టుమిషను ఆమెది. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, నడుములు వదులు చెయ్యడం, పాడైన జిప్పులు మార్చడం ఆమె పని. వెనక ఇస్త్రీ బల్ల దగ్గర ఉండేవాడు ఆమెకంటే చిన్నవాడు, నోరు ఊరుకోని మనిషి. మధ్యాహ్నం పూట షాపుకి వచ్చేవాళ్ళు తక్కువ. ఆ వేళలో ఆమె కొన్నాళ్ళుగా ఇంట్లో ఎవరికీ చెప్పకుండా లాప్‌టాప్ సంచిలో తెచ్చుకుని ఒక పని చేస్తోంది.

"ఆ డబ్బాకి భయపడకమ్మా. మేం పనిచేసే సిస్టమ్ ఎక్కిస్తాను. నీ పాత లాప్‌టాప్ గుర్రంలా పరిగెడుతుంది" అని కూతురు చెప్పి చాలా ఆదివారాలైంది. పగలంతా కళ్ళజోళ్ళ షాపులో నిలబడి ఇంటికొచ్చి, చెప్పులు విప్పీ విప్పగానే ఆ సిస్టమ్ పనిలో కూర్చుంటుంది పిల్ల. దానికి జీతం లేదు. కలిసి పనిచేసే మనుషులెవరో, ఎక్కడుంటారో తెలీదు. అందరివీ మారుపేర్లే. ఎవరి సొత్తూ కాని ఆపరేటింగ్ సిస్టమట. ఎక్కడెక్కడి వాళ్ళో తీరిక వేళల్లో తలా కాస్త చేసి కలుపుతారట, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చట. ఎవరి సొత్తూ కాకపోతే పాడైనప్పుడు ఎవర్ని పట్టుకోవాలే, అని ఆమె ఓసారి అడిగింది. "చెప్పినా నీకు అర్థం కాదులే" అంది కూతురు, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే.

అందుకే టీ గ్లాసు పెడుతున్నట్టు పెట్టి, తెర మీద పైన రాసున్న అడ్రసు చూసి మనసులో పెట్టుకుంది. తానే ఎక్కించుకుంటే ఆ పసుపు డబ్బా పీడ పోతుంది. పిల్ల ఎలాంటి మనుషుల మధ్య తిరుగుతోందో కూడా తెలిసిపోతుంది.

మనుషులు కనిపించలేదు గానీ, "మొదటిసారి ఎక్కించుకునేవారికి" అని ఒక పేజీ కనిపించింది. చక్కటి తెలుగు. రాసినవాళ్ళ పేరు లేదు. మెట్లు మెట్లుగా రాశారు. రెండో మెట్టు: మీ ఫైళ్ళన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి భద్రపరచుకోండి. ఏదో బ్యాంకువాళ్ళు షాపులో పంచిపెట్టిన ఎర్ర పెన్‌డ్రైవ్ ఉంటే, ఆమె ఫోటోలన్నీ దాన్లోకి ఎక్కించింది. కాపీ అవుతున్నంతసేపూ కరెంటు పోతుందేమోనని బల్బు వైపే చూస్తూ కూర్చుంది. నాలుగో మెట్టు: పెన్‌డ్రైవ్ పెట్టి, మూడో మెట్టులో దించుకున్న సిస్టమ్ ఫైలును దాని మీద రాయించండి. దాని కింద బొద్దు అక్షరాలు: పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఐదో మెట్టులో కంప్యూటర్లో ఉన్నది కూడా చెరిగిపోతుందట.

ఆమె చెయ్యి అక్కడ ఆగిపోయింది. అక్కడా చెరిగి, ఇక్కడా చెరిగితే ఫోటోలు ఎక్కడుంటాయి?

పేజీ చివర "సందేహాలుంటే ఫోరంలో అడగండి" అని ఉంది. అడగాలంటే ఒక పేరు పెట్టుకోవాలట. సొంత పేరు పెడితే ఎవడు ఎలా వాడుకుంటాడో! ఎదురుగా డబ్బా కనిపిస్తే "గుండుసూది" అని పెట్టుకుంది. తప్పులు లేకుండా, ఒకటికి రెండుసార్లు దిద్దుకుని రాసింది. "అయ్యా, రెండో మెట్టులో ఫోటోలు దాచిన పెన్‌డ్రైవ్‌ను నాలుగో మెట్టులో చెరిపేస్తే ఫోటోలు ఎక్కడికి పోతాయి? దయచేసి చెప్పగలరు."

ఒక ప్యాంటు కుట్లు విప్పి, సుద్దతో గీత గీసి, అంచు మడిచి ఇస్త్రీకి ఇచ్చేలోపే జవాబొచ్చింది. రాసినవాళ్ళ పేరు "ఉడుత".

"పేజీ మొదటినుంచీ ఇంకోసారి చదవండి. ఇది చూసి వందలమంది ఎక్కించుకున్నారు. ఎవరికీ రాని సందేహం ఇది."

కింద చిన్న తాళం బొమ్మ. ఈ చర్చ ముగిసింది. ఇంకేమీ రాయడానికి చోటు లేదు.

ఆమె మొదటినుంచీ ఇంకోసారి చదివింది. చెప్పారు కదా అని మళ్ళీ చదివింది. ఎక్కడో తనకు కనిపించని మాట ఒకటి ఉండే ఉంటుంది. వందలమందికి కనిపించి తనకు కనిపించలేదంటే లోపం తనలోనే ఉంది. మెదడుకి ఏదైనా జబ్బేమో. ఇలాగే మొదలవుతుందట, చదివింది బుర్రకెక్కదట.

"ఏంటక్కా, మొహం అలా పెట్టావు? ప్యాంటు బదులు కాలు కత్తిరించేశావా?" అన్నాడు ఇస్త్రీ అతను.

"చర్చ ముగించేశారు."

"ఎవరు?"

"ఉడుత."

అతను ఇస్త్రీపెట్టె నిలబెట్టి మరీ చూశాడు. "మనిషివయ్యుండి ఉడుత చేత మాట పడ్డావా? ఏమంది?"

"చదువుకోమంది."

"ఈ వయసులోనా! సర్లే, ఆ తెల్లచొక్కా అరిగిన కాలర్ తిరగేసి ఇలా పడెయ్. చదువుకుంటే కాలర్లు ఎవరు తిరగేస్తారు?"

ఆమె నవ్వలేదు. కాలర్ కుట్లు విప్పుతుంటే రెండుసార్లు బ్లేడు గుడ్డలోకి దిగింది.

సాయంత్రం భోజనాల దగ్గర కూతురు కంచం చేత్తో పట్టుకుని, వంటింటి గుమ్మానికి ఆనుకుని తింటోంది. బస్సు డిపోలో మెకానిక్ అయిన తండ్రి, గోళ్ళలో నల్లటి గ్రీజు ఎంత తోమినా వదలక, చెంచాతో తింటున్నాడు.

"మా ఫోరంలోకి ఎవరెవరొస్తారో చెప్తే నమ్మరు నాన్నా. ఇవాళ గుండుసూదట!"

తల్లి చేతిలో గరిటె గిన్నె అంచుకి కొట్టుకుంది.

"ఏం కావాలిట గుండుసూదికి?" అన్నాడు తండ్రి.

"ఫోటోలు ఎక్కడికి పోతాయి, అయ్యా, దయచేసి చెప్పగలరు అని. ఏదో అర్జీ పెట్టుకున్నట్టు. రోజుకి ఎంతమందో ఇలాంటివాళ్ళు. పేజీ చదవరు. బుర్ర పెట్టరు. ఎవరో వచ్చి చెంచాతో నోట్లో పెట్టాలి."

తండ్రి తన చెంచా వైపు చూసుకున్నాడు. "నన్నేనా?"

"నిన్ను కాదులే."

"నువ్వు... నువ్వేనా ఉడుతవి?" అంది తల్లి.

"ఆ. నీకెలా తెలుసు?"

"ఎప్పుడో అన్నావుగా."

"అన్నానా? ఏమో. ఆ పేజీ అంతా నేనే రాశానమ్మా. మూడేళ్ళ నుంచీ దిద్దుతున్నా. చెరిగిపోతుందని బొద్దు అక్షరాల్లో పెట్టాను. ఇంకేం చెయ్యాలి, ఇంటికెళ్ళి డప్పు కొట్టాలా?"

చక్కటి తెలుగని తాను మెచ్చుకున్నది పిల్ల రాసిందే. ఆ మాట ఆమెకు సంతోషంగా తగిలింది. వెనకే ఇంకోటి కూడా తగిలింది. మంచినీళ్ళ గ్లాసు కూతురి పక్కన పెట్టి, ఎటో చూస్తూ అంది: "ఆవిడ దగ్గర ఒక్కటే ఉందేమోనే."

"ఏంటి ఒక్కటి?"

"అదే. పెన్‌డ్రైవ్."

కూతురు పకపకా నవ్వింది. "ఒక్క పెన్‌డ్రైవ్ ఎవరి దగ్గరుంటుందమ్మా?"

గుమ్మంలోంచి కూతురి బల్ల కనిపిస్తోంది. బల్ల మీద పాత బిస్కెట్ డబ్బా. దాని నిండా రంగురంగుల పెన్‌డ్రైవ్‌లు, పెట్టెలో గుండీల్లా.

"ఈ ఆదివారం కొత్త వెర్షన్ నాన్నా. పేజీలన్నీ ఖాయం చేసేస్తారు. మళ్ళీ ఆరు నెలల దాకా ఎవరూ ముట్టుకోకూడదు. అప్పుడు మొదటి పేజీలన్నిటికీ నన్ను పెద్దగా పెడతామన్నారు, తాబేలుగారు."

"ఉడుతని పెద్ద చేసేది తాబేలా?" అన్నాడు తండ్రి. "ఇది అడివా, ఆఫీసా?"

ఆమె చెప్పలేదు. చెప్తే పిల్ల చిన్నబోతుంది. చిన్నబోతే కోపమొస్తుంది. కోపమొస్తే నా మీద నిఘా పెడతావా అని వేరే గది చూసుకుని వెళ్ళిపోతుంది. ఒంటరిగా ఉన్న గదిలో గ్యాసు లీకవుతుంది. ఆమె స్టౌ దగ్గరికెళ్ళి సిలిండర్ నాబు మూసిందో లేదో చూసుకుంది.

మర్నాడు షాపులో ఫోరం తెరిస్తే తాళం బొమ్మ లేదు. తాబేలు తీసేశాడు. తాను రిటైరైన లైబ్రేరియన్ననీ, ఇలా ప్రశ్నకి తాళం వేసినందుకు చిన్నతనంగా ఉందనీ రాశాడు. "గుండుసూదిగారూ, మీరు పేజీలో ఎక్కడ ఆగారో, మీ దగ్గర ఏమేం ఉన్నాయో చెప్తారా? తొందరేం లేదు."

ముక్కూమొహం తెలియనివాడు గారూ అంటున్నాడు. మోసగాళ్ళే ఇంత మెత్తగా మాట్లాడతారని వినుంది. చాలాసేపు ఆలోచించి, అబద్ధం ఆడవలసిందేమీ లేదు కదా అని రాసింది. "పాత లాప్‌టాప్. ఎర్ర పెన్‌డ్రైవ్ ఒకటి. ఇంకేమీ లేవు."

మళ్ళీ తాబేలే రాశాడు: "పేజీలో రెండు పెన్‌డ్రైవ్‌లు కావాలని ఎక్కడా లేదు. నేనూ ఎన్నోసార్లు చదివాను. నాకూ కనిపించలేదు. మా అందరి ఇళ్ళలో డజన్లకొద్దీ ఉంటాయి."

ఆ కింద ఇంకొకరు. "మూడో గేరు" అని పేరు.

"నేను డెలివరీ వ్యాన్ నడుపుతాను. పోయిన నెల ఈ పేజీ చూసే ఎక్కించుకున్నాను. నా దగ్గరా ఒక్కటే పెన్‌డ్రైవ్. మా నాన్న పోకముందు పాడుకుంటుంటే రికార్డు చేసినవి ఉండేవి. రెండో మెట్టులో దాచాను, నాలుగో మెట్టులో చెరిపాను. నాకే తెలివి లేదనుకున్నాను. అడిగితే నవ్వుతారని అడగలేదు. ఇవాళ గుండుసూదిగారు అడిగింది చూసి రాస్తున్నాను."

ఆమె సుద్ద బల్ల మీద పెట్టేసింది. తనకి ఎప్పుడూ ఊహలోనే జరిగేది ఈ మనిషికి నిజంగా జరిగింది. గుండె దడదడలాడాలి. ఆడలేదు. మిషను చక్రం మీద చెయ్యి వేసి ఊరికే కూర్చుంది.

ఆ తర్వాత వరసపెట్టి వచ్చాయి. బొంగరం అనే ఆవిడ, ఉడుత ఇదివరకు తాళం వేసిన ప్రశ్నలన్నీ వెతికి తెచ్చి పెట్టింది. ఒకడు "ఇంతమంది నోళ్ళు మూయించిందా" అన్నాడు. ఇంకొకడు "ఈవిణ్ణి పెద్దగా పెడితే కొత్తవాళ్ళు ఈ వాకిలి తొక్కరు" అన్నాడు. ఉడుత ఒకే ఒక్క ముక్క రాసింది: "మూడేళ్ళుగా ఈ పని ఎవరూ చెయ్యకపోతే నేను చేశాను." దాని కింద ఇంకా తిట్లు.

తన పిల్లని తన కళ్ళ ముందే ఇంతమంది అంటున్నారు. మొదలుపెట్టింది తానే. ఇస్త్రీ అతనికి తలనొప్పని చెప్పి తొందరగా ఇంటికెళ్ళింది.

ఆ పూట కూతురు భోజనానికి రాలేదు. తలుపు మూసే ఉంది.

"ఏమైందే దానికి?" అన్నాడు తండ్రి.

"నాకేం తెలుసు?"

"నీకు తెలీకపోవడమేంటి? అది తుమ్మితే నువ్వు ఆస్పత్రి అడ్రసు వెతుకుతావు." అతను తలుపు దగ్గరికెళ్ళి వేలి కణుపుతో కొట్టాడు. "అమ్మలూ, అడివిలో ఏమైంది?"

"ఏం లేదు నాన్నా."

"నేనొచ్చి తాబేలుతో మాట్లాడనా?"

లోపల్నుంచి నవ్వు రాలేదు. అతను తిరిగొచ్చి భార్య మొహం చూసి, ఏదో అడగబోయి మానేసి, కంచం కడుక్కున్నాడు.

శనివారం ఆమె ఫోన్‌కి తాబేలు దగ్గర్నుంచి విడిగా ఒక సందేశం వచ్చింది. రేపు అందరూ కలుస్తున్నారట. ఈ గొడవ ముందుకొస్తుందట. "మీరు అడిగిన ప్రశ్నతో మొదలైంది కాబట్టి మీ మాటే ముందు వింటాం. తప్పుగా చదివానని మీరంటే దీన్ని ఇంతటితో వదిలేస్తాం. ఉడుత చాలా పనిచేసిన మనిషి. కాదు, సరిగానే చదివానంటే, ఆ పేజీలు వేరేవాళ్ళకి అప్పగించాలి. మీకు ఏది నిజమో అది రాయండి, చాలు."

ఒక్క వాక్యం. తనకు అలవాటైన వాక్యమే. నాదే పొరపాటు అని ఆమె జీవితంలో ఎన్నిసార్లు అనలేదు! షాపులో కొలత తప్పుగా చెప్పింది ఎదుటివాళ్ళే అయినా నాదే పొరపాటు అంటుంది, గొడవ పెరగకుండా. ఇప్పుడు ఆ మాటంటే పిల్ల గట్టెక్కుతుంది. ఫోను పట్టుకుని మొదటి అక్షరం కొట్టబోతుంటే షాపు తలుపు గంట మోగింది. కూతురే.

"ఇక్కడికొచ్చావేంటే? ఒంట్లో బాగాలేదా? ఉద్యోగం తీసేశారా?"

"ఏమీ తియ్యలేదు. లంచ్ టైమ్." కూతురు స్టూలు లాక్కుని కూర్చుంది. కళ్ళ కింద నల్లగా ఉంది. ఫోన్ తీసి తల్లి చేతిలో పెట్టింది. "ఇది ఒక్కసారి చదివి పెట్టు. ఆ గుండుసూదికి క్షమాపణ రాశాను. నీలాంటివాళ్ళకి అర్థమవుతుందా, తగులుతుందా అని."

నీలాంటివాళ్ళకి. ఆమె కళ్ళజోడు సరిచేసుకుని చదివింది. చాలా పొడుగ్గా ఉంది. పేజీ ఎలా మొదలైందో, ఎన్నిసార్లు దిద్దిందో, పగలు ఉద్యోగం చేసి వచ్చి ఎంత అలసటలో జవాబులు రాస్తుందో, కొత్త వెర్షన్ పనివల్ల ఎంత ఒత్తిడిగా ఉందో అన్నీ ఉన్నాయి. చివర "మీకు బాధ కలిగి ఉంటే చింతిస్తున్నాను" అని.

"ఎలా ఉంది?"

ఆమె చదవడం అయిపోయినా ఫోన్ దించలేదు.

"చెప్పమ్మా."

"బాగా రాశావు." ఇంకో మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఆగినదాన్ని ఎప్పటిలా మింగెయ్యబోయింది. "కానీ ఇందులో నీ మూడేళ్ళు ఉన్నాయి గానీ ఆవిడ ఫోటోలు లేవే."

"అంటే?"

"ఆవిడ ఫోటోల గురించి కదా అడిగింది. ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు, ఏం చెయ్యాలో."

కూతురి మొహం ఎర్రబడింది. "నువ్వు కూడా వాళ్ళ పక్కేనా? నేనెంత కష్టపడ్డానో నీకు తెలుసు. నువ్వు నా తల్లివి!"

"అందుకేనే..."

"వద్దులే." ఫోన్ తీసుకుని లేచింది. తలుపు గంట మళ్ళీ మోగింది.

ఇస్త్రీ అతను నీళ్ళు చిలకరించడం ఆపి అటే చూస్తున్నాడు. మొదటిసారి జోకేమీ వెయ్యలేదు.

ఆమె ఫోన్ తీసి "నేనే సరిగా చదవలేదు" అని కొట్టింది. పంపడానికి వేలు ఎత్తింది. ఎప్పటిలా ఊహ పరిగెత్తింది, కానీ ఈసారి ఇంటివైపు పరిగెత్తలేదు. ఇంకెక్కడో, ఇలాగే ఒక షాపులో, ఎవరో ఒకావిడ. తనకు ఏమీ కానిది. పసుపు డబ్బాకి భయపడి ఆ పేజీ తెరుస్తుంది. రేపటితో ఖాయమైపోయిన పేజీ. రెండో మెట్టు ఎక్కి, నాలుగో మెట్టులో నొక్కుతుంది. తర్వాత బిడ్డ ఫోటోలు వెతుక్కుంటుంది, ఇక్కడా అక్కడా, మళ్ళీ ఇక్కడా. ఎవరినీ అడగదు. నాకే తెలివి లేదనుకుని దీపం ఆర్పి పడుకుంటుంది.

కొట్టిందంతా చెరిపేసి ఆమె మళ్ళీ రాసింది. "నేను సరిగానే చదివాను. పేజీలో లేదు." పంపబోయి, ప్రాణం ఒప్పక, "పాపం ఆ అమ్మాయిని తిట్టకండి" అని చేర్చింది. చిన్నపిల్ల అని నీకెలా తెలుసని అడుగుతారేమో! అది తీసేసి "ఉడుతని తిట్టకండి. ఆ తెలుగు చాలా బాగుంది" అని పెట్టింది. పంపేశాక ఫోన్ గుడ్డపీలికల బుట్టలో అడుగున పెట్టేసింది, పేలుతుందేమో అన్నట్టు.

ఆదివారం మధ్యాహ్నం కూతురి గదిలోంచి కంప్యూటర్లో మాటలు వినబడుతున్నాయి. ఆమె ఆరిన బట్టలు మడతపెడుతున్నట్టు గోడ పక్కనే కూర్చుంది. ఒకే దిండు గలీబు చాలాసార్లు మడిచింది. ముసలి గొంతొకటి నెమ్మదిగా ఏదో చదివి వినిపించింది. "ఆ తెలుగు చాలా బాగుంది" అన్న చోట ఎవరో చిన్నగా నవ్వారు. తర్వాత కూతురి గొంతు.

"గుండుసూదిగారు సరిగానే చదివారు. నేను కొత్తవాళ్ళ కోసం రాశాననుకున్నాను. నాలాంటివాళ్ళ కోసం రాసుకున్నాను. మూడో గేరుగారూ, మీ నాన్నగారి పాటలు... నాకు ఏం చెప్పాలో తెలీడం లేదు. పేజీ బొంగరానికి ఇవ్వండి. ఇచ్చేముందు ఒక్క లైను నన్నే రాయనివ్వండి."

తర్వాత కీబోర్డు చప్పుడు. ఆమె ఫోన్లో పేజీ తెరిచి చూస్తూ కూర్చుంది. మొదటి మెట్టుకీ పైన కొత్త లైను వచ్చి చేరింది. "ఈ పనికి రెండు పెన్‌డ్రైవ్‌లు కావాలి. మీ దగ్గర ఒక్కటే ఉంటే ఇక్కడే ఆగి మమ్మల్ని అడగండి."

పిల్ల ఆ రొంపిలోంచి బయటపడితే చాలని తాను ఎన్నిసార్లు అనుకుంది! ఇప్పుడు పేజీలు పోయాయి. కూతురు బయటికొచ్చి, తల్లి మడిచిన బట్టల దొంతర తీసుకుని, ఏ గదిలో పెట్టాలో తెలియనట్టు కాసేపు నిలబడింది. అనుకున్నది జరిగితే ఇలా ఉంటుందని ఆమె అనుకోలేదు.

"ఇంక మానేస్తావా?" అని అడిగింది.

"కొత్తవాళ్ళ ప్రశ్నలకి జవాబులు చెప్పేవాళ్ళు కావాలన్నారు. ఎవరూ ముందుకు రాని పని. నేను చేస్తానన్నాను." కూతురు బట్టల వైపే చూస్తూ అంది. "తిడతారేమో. తిట్టనీ."

సోమవారం షాపులో ఇస్త్రీ అతని దగ్గర పాటలు నింపుకున్న పెన్‌డ్రైవ్ ఒకటి ఉంటే ఆమె అడిగింది. "పాటలు చెరిపేస్తానక్కా, మళ్ళీ నింపుకుంటాలే" అన్నాడు. "అవి ఇంకెక్కడైనా ఉన్నాయా, చూసుకుని చెప్పు" అని పట్టుబట్టి, అతని ఫోన్లో ఉన్నాయని తన కళ్ళతో చూసేదాకా ముట్టుకోలేదు. మధ్యాహ్నానికి నాలుగో మెట్టు పూర్తయింది. ఎర్రదాన్ని చేతిరుమాల్లో చుట్టి, సంచి లోపలి జేబులో పెట్టి, ఆ జేబుని నాలుగు కుట్లు వేసి మూసేసింది.

సాయంత్రం భర్త ఇంకా డిపోలోనే ఉన్నాడు. కూతురు తన గదిలో ఉంది. ఆమె పడకగదిలో మంచం మీద లాప్‌టాప్ పెట్టి, పేజీ చెప్పినట్టే చేసుకుంటూ ఐదో మెట్టుకి వచ్చింది. తెర మీద "ఏ డిస్క్ మీద ఎక్కించాలి?" అని ఉంది. కింద రెండు పేర్లు. పేర్లు కూడా కావు, అక్షరాలూ అంకెలూ కలిసిన ఏవో చిక్కుముళ్ళు. ఫోన్ తీసి ఫోరంలో రాసింది. "నేను గుండుసూదిని. రెండు డిస్కులు చూపిస్తోంది. నాది ఏది? తప్పుది నొక్కితే ఏమవుతుంది?"

పక్క గదిలో కుర్చీ కిర్రుమంది. కీబోర్డు చప్పుడు మొదలై, ఆగి, మళ్ళీ మొదలైంది. జవాబు ఉడుత దగ్గర్నుంచే.

"ముందు ఏదీ నొక్కకండి. ఇప్పటిదాకా మీరు ఏమీ పాడు చెయ్యలేదు, కంగారుపడకండి. మీ ఫోటోలు వేరే పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి కదా? తెరకి ఒక ఫోటో తీసి పంపగలరా?"

ఫోటో తీస్తే దుప్పటి పడుతుంది. ఆ దుప్పటి పిల్లే కొన్నది. "ఫోటోలు జాగ్రత్తగానే ఉన్నాయి. తెర ఫోటో తియ్యడం కుదరదండి" అని రాసింది.

"పర్లేదు. ఇంట్లో ఇవి తెలిసినవాళ్ళు ఎవరైనా పక్కనుండి చూస్తారా?"

ఆమె గోడ వైపు చూసింది. గోడకి అవతల పిల్ల జవాబు కోసం చూస్తూ ఉంటుంది. వేళ్ళు వాటంతట అవే కదిలినట్టు కదిలాయి.

"మా అమ్మాయి ఉంది. దానికి ఇవన్నీ వచ్చు. కానీ దాన్ని అడగాలంటే నాకు భయం."

కీబోర్డు చప్పుడు లేదు. వీధిలో ఏదో బండి వెళ్ళింది. చాలాసేపటికి ఒక్క మాట వచ్చింది. "ఎందుకు?"

"విసుక్కుంటుంది. మంచిదే. పగలంతా నిలబడి అలిసిపోయి వస్తుంది. నాకు చెప్పినా అర్థం కాదంటుంది. నిజమే అనుకోండి. తెలియనివాళ్ళని అడగడం తేలిక."

ఎక్కువ రాసేశానా, పిల్లకి తెలిసిపోయిందా, ఏడుస్తోందా, లేక అసలు చదవకుండా లేచి వెళ్ళిపోయిందా! ఆమె మంచం మీంచి సగం లేచేసరికి ఫోన్ వెలిగింది.

"ఒక్కసారి అడిగి చూడండి. ఈసారి విసుక్కుంటే నాకు చెప్పండి."

ఆమె ఆ లైను చదివి, కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుని మళ్ళీ చదివింది. తర్వాత లాప్‌టాప్‌ని రెండు చేతులతో, పొయ్యి మీంచి దించిన గిన్నెలా ఒంటికి దూరంగా పట్టుకుని, వైరు కాళ్ళకి చుట్టుకోకుండా చూసుకుంటూ వెళ్ళి, కూతురి గది తలుపుని మోచేత్తో నెట్టింది.

కూతురు వెనక్కి తిరిగింది. తెర మీది రెండు చిక్కుముళ్ళనీ చూసింది. తల్లి మొహం చూసింది. మళ్ళీ తెర. లేచి, మంచం మీదున్న బట్టలూ కాగితాలూ అన్నీ ఒక పక్కకి తోసేసి చోటు చేసింది. లాప్‌టాప్ అందుకుంది.

"ఏదీ నొక్కలేదు కదా?" అంది మెల్లగా.

"నొక్కద్దన్నావుగా," అంది తల్లి.